మంచం మీద ఉండే టైమ్ తగ్గించాకే నాకు నిద్ర పట్టింది

ఏడాదిగా నిద్ర సరిగా లేదు, మాత్రలు లేకుండా బయటపడొచ్చా అని అడిగారు. బయటపడొచ్చు. రెండేళ్లు ఆ నరకం చూసి వచ్చినవాడిగా చెబుతున్నాను.

నేను చేసిన తప్పు ఒకటుంది. రాత్రి నిద్ర చాల్లేదని మర్నాడు 9 గంటలకే పడుకునేవాణ్ణి. పన్నెండు దాకా దొర్లడం, కాస్త కునుకు, రెండున్నరకి మెలకువ, తెల్లారగట్ల మళ్లీ కునుకు, 8 అయినా లేవబుద్ధి కాకపోవడం. మంచం మీద 11 గంటలు ఉంటే పట్టిన నిద్ర ఐదున్నర. మధ్యలో గడియారం చూసి 'ఇప్పుడు పట్టినా మూడు గంటలే' అని లెక్కేసుకోగానే గుండె దడ మొదలయ్యేది. కుర్చీలో కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. లేచి మంచం ఎక్కానా, ఆ మత్తంతా ఎటో పోయేది. మంచం అంటే మెలకువగా పడి ఉండే చోటు అని ఒంటికి అలవాటైపోయింది.

డాక్టర్ నాతో సీబీటీ-ఐ చేయించారు. నిద్రలేమి కోసమే ఉన్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అది, అంటే మందులతో కాకుండా ఆలోచనలు, అలవాట్లు మార్చి చేసే చికిత్స. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లకి ముందుగా ఇవ్వాల్సింది ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లోనే సిఫారసు చేసింది.

రెండు వారాలు నిద్ర డైరీ రాశాక, నిద్రపోయేది ఐదున్నర గంటలే కాబట్టి మంచం మీద ఉండేది కూడా అంతే అన్నారు. రాత్రి పన్నెండున్నరకి పడుకోవాలి, పొద్దున 6కి లేవాలి. రాత్రి ఎలా గడిచినా సరే, ఆదివారమైనా సరే. పగలు పడక లేదు. మొదటి వారం చాలా కష్టంగా గడిచింది, ఆ రోజుల్లో బండి తీయలేదు, మీరూ తీయకండి. తొమ్మిదో రోజున తల వాల్చాక మళ్లీ అలారం మోతే విన్నాను. లేచి కూర్చుని ఏడ్చేశాను.

మంచం మీద ఉన్న టైమ్‌లో 85 శాతానికి పైగా నిద్ర ఉన్న వారం తర్వాత 15 నిమిషాలు కలిపేవాళ్లం. అలా రాత్రి 11కి పడుకుని పొద్దున 6కి లేచే దాకా రావడానికి రెండు నెలలకి పైనే పట్టింది.

ఇంకొకటి. సుమారు 20 నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే గదికి వెళ్లేవాణ్ణి. చిన్న లైటు, ఎప్పుడో చదివేసిన పుస్తకం. కళ్లు బరువెక్కాకే తిరిగి మంచం ఎక్కడం. గడియారాన్ని గోడవైపు తిప్పేశాను, నాకు అదే సగం టెన్షన్ తీసేసింది. కాఫీ మధ్యాహ్నం తర్వాత మానేశాను, తాగిన కెఫీన్‌లో సగం దాదాపు 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇప్పటికే రోజూ మాత్ర వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి. డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటే స్లీప్ ఆప్నియా ఉందేమో ముందు చూపించుకోండి. బైపోలార్ (మూడ్ విపరీతంగా మారిపోయే జబ్బు), మూర్ఛ ఉన్నవాళ్లు నిద్ర టైమ్ తగ్గించే పని సొంతంగా అసలు చేయకూడదు.

ఈ రోజే డైరీ మొదలుపెట్టండి. ఎప్పుడు పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు మంచం దిగారు, ఈ నాలుగూ చాలు. పొద్దున లేచాక గుర్తున్నంత వరకు రాయండి, రాత్రి గడియారం చూసి రాయొద్దు.