క్లినిక్ తర్వాత కట్టొచ్చు డాక్టరమ్మా, ముందు ఊళ్లు తిరగండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. గన్నవరంలో పశువైద్యం చదివాను, ఇంకో రెండు నెలల్లో ఇంటర్న్‌షిప్ అయిపోతుంది. వడ్డీతో కలిపి ఇవాళ్టికి 6 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది. మా ఊళ్లోనే ప్రాక్టీస్ పెట్టాలని నా కోరిక. నాన్న ఎకరం కొబ్బరి తోట తనఖా పెట్టి 10 లక్షలతో క్లినిక్ కట్టిస్తానంటున్నారు. ఒక సీనియర్‌తో తిరిగి చూస్తే మందులు, పెట్రోలు పోను కేసుకు 200 మిగిలాయి. క్లినిక్ కట్టమంటారా?

జవాబు: ప్రాక్టీస్ పెట్టండమ్మా. క్లినిక్ మాత్రం ఇప్పుడు వద్దు.

మీరు చెప్పిన 200తోనే లెక్క వేద్దాం. చదువు లోను 10 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,930. క్లినిక్ కోసం పది లక్షలు 11 శాతానికి, ఏడేళ్ల గడువుతో తీసుకుంటే మరో 17,100. రెండూ కలిపి పాతిక వేలు. అంటే నెలకు 125 కేసులు చూసినా వాయిదాలకే సరిపోతుంది, ఇంట్లోకి ఏమీ మిగలదు. క్లినిక్ లేకపోతే 40 కేసులతో వాయిదా గడిచిపోతుంది.

పైగా ఈనలేక పడిపోయిన గేదెను ఎవరూ క్లినిక్‌కు తీసుకురారు. నేను ఏడో తరగతిలో ఉండగా మా గేదెకు దూడ కాలు మడతపడి అడ్డం తిరిగింది. రాత్రి రెండింటికి డాక్టరుగారు వచ్చారు. భుజం దాకా సబ్బు రాసుకుని పాకలో మోకాళ్ల మీద కూర్చున్నారు, నాన్న టార్చి పట్టుకున్నారు. దూడ బతికింది. ఆయన చేతులు కడుక్కుంటుంటే అమ్మ గొంతు తగ్గించి, "పాల బిల్లు రాగానే ఇచ్చేస్తామండి" అంది. ఆయన తలూపి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. పన్నెండో రోజున నాన్న వెళ్లి ఇచ్చి వచ్చారు.

మీ డబ్బూ ఇలాగే వస్తుంది. కొందరు పాల బిల్లుకు, కొందరు సార్వా, దాళ్వా పంట అమ్మాక ఇస్తారు. మందుల షాపువాడు మాత్రం అన్నాళ్లు ఆగడు. అందుకే మీకు భవనం కన్నా చేతిలో తిరిగే డబ్బు ముఖ్యం. మూడు నెలల వాయిదాలు, మందుల స్టాకు, చిన్న ఫ్రిజ్, బండి రిపేర్లు కలిపి లక్షా 20 వేలైనా పక్కన ఉండాలి.

అది తోట నుంచి రానక్కర్లేదు. చదువు లోనుకు సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు, మీ బ్యాంకులో ఓసారి కనుక్కోండి. ఆ ఏడాది ఏదైనా డెయిరీలోనో, అనపర్తి, తణుకు వైపు కోళ్ల ఫారాల్లోనో ఉద్యోగం చేయండి. నెలకు 5,000 వడ్డీ మాత్రం కట్టేస్తూ ఉండండి, లేదంటే ఏడాదికి 6 లక్షలు 6 లక్షల 60 వేలవుతాయి. ప్రభుత్వ నోటిఫికేషన్ పడితే తప్పక రాయండి. కానీ దాని కోసం ఇంట్లో కూర్చోకండి.

ఆదాయం ఎక్కడుందో కూడా చూసుకోండి. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి, 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం ఉచితం. గాలికుంటు టీకా కూడా ఉచితమే, కాబట్టి దాన్ని ఆదాయంలో వేసుకోకండి. మిమ్మల్ని పిలిచేది అర్ధరాత్రి ఈతకు, మాయ పడనప్పుడు, పాలజ్వరంతో, అంటే ఈనాక కాల్షియం పడిపోయి ఆవు చల్లబడిపోయినప్పుడు, గేదె చూలు నిలవక పదే పదే తిరగపొర్లుతున్నప్పుడు, అంటే మళ్లీ మళ్లీ ఎదకొస్తున్నప్పుడు. వానల నుంచి చలికాలం దాకా ఊపిరి సలపదు. వేసవిలో గేదెలకు ఎద తగ్గుతుంది, మీకూ కేసులు తగ్గుతాయి. వేసవి వాయిదాలు శీతాకాలంలోనే దాచుకోండి. రొయ్యల చెరువులు తవ్విన ఊళ్లలో గడ్డి తగ్గి గేదెలూ తగ్గాయి. తిరగాల్సిన ఊళ్లు ఎంచుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. గేదె తన్ని చెయ్యి విరిగితే ఆ నెల ఆదాయం సున్నా. మొదటి సంపాదనతోనే ఆరోగ్య బీమా, ప్రమాద బీమా తీసుకోండి. ముందుజాగ్రత్తగా రేబిస్ టీకా వేయించుకోకపోతే ఈ నెలలోనే వేయించుకోండి. మాయ తీసేటప్పుడు గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టకండి, పశువుల నుంచి మనుషులకు అంటే బ్రూసెల్లోసిస్ జ్వరం వస్తే నెలల తరబడి మంచాన పడతారు.

స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి రాగానే ఒక పుస్తకం కొనండి. ప్రతి కేసూ, వచ్చిన డబ్బూ, రావాల్సిన డబ్బూ, ఆ ఇంటి పాల బిల్లు తేదీ రాయండి. ఏడాదిన్నర పాటు నెలకు 80 కేసులు దాటితే, అప్పుడు రోడ్డు పక్కన ఒక గది అద్దెకు తీసుకోండి. నాన్నగారికి ఈ లెక్కలన్నీ చూపించండి.