కొత్త లీడరు, పాత సంఘం

ప్రశ్న: మా డ్వాక్రా సంఘంలో 12 మందిమి. ఈ ఏప్రిల్ నుంచి నన్ను లీడరుగా ఎన్నుకున్నారు. మీటింగుకు సగం మంది రారు, పిల్లల చేత డబ్బు పంపించి ఊరుకుంటారు. ఒకామె మూడు వాయిదాలు బాకీ పడింది. అడిగితే "నిన్నగాక మొన్న వచ్చి మాకు చెప్తావా" అంటున్నారు పెద్దవాళ్లు. ఈ ఏడాది ఎలా నెట్టుకురావాలి?
- ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: ముందు లెక్కలు సరిచూసుకోండి. బ్యాంకు పాస్‌బుక్కులో నిల్వ, పొదుపు మొత్తం, అప్పుల లెడ్జరు, ఈ మూడూ ఒక్కొక్కరి సొంత పుస్తకంతో కలవాలి. తేడా ఉంటే పాత లీడరు ఉండగానే తీర్మానంలో రాయించండి. తర్వాత బయటపడితే అది మీ మెడకే చుట్టుకుంటుంది. సంతకాల మార్పుకు తీర్మానం నకలు, ఫొటోలు, ఆధార్‌తో బ్యాంకుకు వెళ్లాలి.

మీటింగుకు ఎందుకు రావడం లేదో చూడండి. అక్కడ తేల్చేది ఏమీ లేనప్పుడు కూలి పని మానుకుని ఎవరొస్తారు? అంతర్గత అప్పు, అంటే సంఘం పొదుపులోంచి సభ్యులకిచ్చే అప్పు, ఎవరికి, ఎంత ఇవ్వాలన్నది మీటింగులోనే, వచ్చినవాళ్లతోనే తేల్చండి. హాజరు, కిందటి తీర్మానం చదవడం, పొదుపు, వాయిదాలు, కొత్త అప్పులు, ఈ వరసలో ముప్పావు గంటలో ముగించండి. డబ్బు అందరి ముందూ లెక్కపెట్టాలి. రాసిన తీర్మానం పైకి చదివాకే సంతకాలు.

పెద్దవాళ్లకు సలహా చెప్పకండి, పని అప్పగించండి. "పిన్నీ, పెట్టె నా దగ్గరుంటుంది, తాళం చెవి నీ దగ్గరుంచు" అనండి. బ్యాంకుకు నెలకు ఇద్దరి చొప్పున వంతులు వేస్తే ఏడాదిలో ప్రతి ఒక్కరూ రెండుసార్లు వెళ్తారు. కౌంటరు దగ్గర ఒకసారి నిలబడి వచ్చినామె వాయిదా విలువ మీరు చెప్పకుండానే తెలుసుకుంటుంది.

ఇక బాకీ సంగతి. మీటింగులో నిలదీస్తే ఆమె మళ్లీ రాదు. మీటింగుకు రెండు రోజుల ముందు, ఆమెకు దగ్గరైన సభ్యురాలిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లండి. కట్టలేకపోతోందా, కట్టడం లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. వాయిదా 2,400 అనుకుంటే మూడింటికి బాకీ 7,200. ఒక్కసారిగా అడిగితే బయట వడ్డీకి తెచ్చి కడుతుంది, ఆ అప్పు ఇంకా ప్రమాదం. ఈ నెల నుంచి 2,400కు 600 కలిపి 3,000 చొప్పున కడితే 12 నెలల్లో పాత బాకీ తీరిపోతుంది. ఆమె ఒప్పుకుంటే తీర్మానంలో ఎక్కించండి.

మీ చేతి డబ్బుతోనో, సంఘం పొదుపులోంచో గుట్టుగా సర్దకండి. మంచి లీడర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అలా సర్దితే రెండో నెలకు మరో ఇద్దరు కట్టడం ఆపేస్తారు. బ్యాంకుకు సంఘం కట్టాల్సిన వాయిదా గడువు 90 రోజులు దాటితే ఆ అప్పు మొండి బాకీ కింద పడుతుంది. సకాలంలో కడితేనే వడ్డీ రాయితీ కాబట్టి ఆ నష్టం పన్నెండు మందిదీ. ఈ మాట అందరికీ ముందే చెప్పండి, ఎవరి పేరూ ఎత్తకుండా.

ప్రశ్న: పుస్తకాలు రాసే అమ్మాయి తీరిక లేదని ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల మీద ముందే సంతకాలు తీసుకుంటోంది. పర్వాలేదా?

జవాబు: వద్దు. ఇచ్చినవి వెనక్కి తీసుకుని అందరి ముందూ చింపేయండి. ఎంత, ఎందుకు అన్నది తీర్మానంలో రాశాక, ఫారం మీద అంకె వేశాకే సంతకం. అనుమానిస్తున్నట్టు ఉంటుందని వెనకాడకండి. లెక్కలో తేడా వస్తే ముందు మాట పడేది ఆ అమ్మాయే.