శనివారం రాత్రి రైలు

ప్రశ్న: 2025 మేలో సరిహద్దు టెన్షన్ వల్ల ఐపీఎల్ వారం రోజులు ఆగింది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్నా అమెరికాలో బేస్‌బాల్ ఆపలేదని మా మనవడు అంటున్నాడు. నిజమేనా? కుర్రాళ్లంతా సైన్యంలో ఉంటే ఆడిందెవరు? దాన్ని అసలు ఆట అనొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ మనవడు చెప్పింది నిజమేనండీ. ఈ ఏడు లీగ్ నడపమంటారా, మూసేయమంటారా అని 1942 జనవరిలో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాశారు. మర్నాడే జవాబు వచ్చింది. నడపండి, కానీ సైన్యానికి పనికొచ్చే వయసున్న ఆటగాడు సైన్యానికి వెళ్లాల్సిందే అన్నారు రూజ్‌వెల్ట్. పగలంతా ఫ్యాక్టరీల్లో ఉండేవాళ్లు చూసేలా రాత్రి మ్యాచ్‌లు పెంచమని కూడా కోరారు. లీగ్ నిలిచింది గానీ ఆటగాళ్లు ఖాళీ అయిపోయారు. జో డిమాజియో, టెడ్ విలియమ్స్, బాబ్ ఫెల్లర్ లాంటివాళ్లతో కలిపి 500 మందికి పైగా యూనిఫాం వేసుకున్నారు.

మరి ఆడిందెవరు? అందుకు సెయింట్ లూయిస్ నగరపు టీమ్ బ్రౌన్స్ ఆడిన 1944 సీజన్ చెప్పాలి. ఆ ఊరికి వచ్చి నలభై ఏళ్లు దాటినా వాళ్లు ఒక్కసారీ లీగ్ గెలవలేదు. 1935లో సీజన్ మొత్తానికీ కలిపి వచ్చిన జనం 81 వేలు. ఇక లాభం లేదని యజమాని టీమ్‌ని లాస్ ఏంజెలెస్‌కి తరలించాలనుకున్నాడు. దాని మీద లీగ్ ఓటింగ్‌కి పెట్టుకున్న రోజు 1941 డిసెంబర్ 8. ముందురోజే పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. టీమ్ ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

1944 నాటికి ఆ టీమ్‌లో చాలామంది మెడికల్ పరీక్షలో సైన్యం వద్దన్నవాళ్లు. పిచర్ (బంతి విసిరేవాడు) సిగ్ జకూకీ 1936 తర్వాత పెద్ద లీగ్ మొహం చూడలేదు. నాకు మాత్రం బాగా దగ్గరైనవాడు డెన్నీ గేల్‌హౌస్.

గేల్‌హౌస్ ఒహాయోలోని ఆక్రన్‌లో గుడ్‌ఇయర్ విమానాల ఫ్యాక్టరీలో వారానికి ఆరు రోజులు పనిచేసేవాడు. శనివారం పని దిగి, రాత్రి రైలెక్కి, బ్రౌన్స్ ఏ ఊళ్లో ఆడుతుంటే ఆ ఊరికి చేరేవాడు. ఆదివారం బంతి విసిరి, మళ్లీ రైలెక్కి, సోమవారం పనిలోకి. మా నాన్న రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో చేసేవారు. ఆదివారం వాలీబాల్ టోర్నమెంట్ ఉందంటే, నైట్ డ్యూటీ దిగి, గోళ్లలో గ్రీజు అలాగే ఉండగా నెట్ దగ్గర నిలబడేవారు. మొదటి సెట్లో కాళ్లు లేచేవి కావు. మూడో సెట్‌కి ఎవరూ ఆపలేకపోయేవారు. గేల్‌హౌస్ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ గోళ్లే కనిపించాయి. టీమ్ గెలిచేలా ఉందని తెలిశాక, సీజన్ మధ్యలో అతను ఉద్యోగం వదిలి పూర్తిగా ఆటకే వచ్చేశాడు. ఆ ఏడాది 9 గెలుపులు, 10 ఓటములు. కాగితం మీద చూస్తే ఏమీ లేదు.

అక్టోబర్ 1, ఆఖరి రోజు. పొద్దున్నకి గెలుపుల్లో బ్రౌన్స్, డెట్రాయిట్ టైగర్స్ సరిసమానం. సొంత మైదానంలో ఎదురుగా న్యూయార్క్ యాంకీస్. బ్రౌన్స్ 2-0తో వెనకబడ్డారు. అప్పుడు చెట్ లాబ్స్ లేచాడు. అతను కూడా యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలో పనిచేస్తూ, కుదిరిన మ్యాచ్‌లే ఆడినవాడు. ఏడాది మొత్తంలో కొట్టినవి ఐదు హోమ్ రన్‌లయితే (మన క్రికెట్‌లో సిక్సర్ లాంటివి), అందులో రెండు ఆ ఒక్కరోజే కొట్టాడు. బంతి విసిరింది జకూకీ. 5-2తో గెలిచారు. అక్కడ డెట్రాయిట్ ఓడిపోయింది. ఒక్క మ్యాచ్ తేడాతో లీగ్ బ్రౌన్స్‌ది.

రెండు పెద్ద లీగ్‌ల విజేతలు తలపడే ఫైనల్‌ని వరల్డ్ సిరీస్ అంటారు. అందులో ఎదురుపడింది అదే ఊరి కార్డినల్స్. రెండు టీమ్‌లదీ ఒకే స్టేడియం. బ్రౌన్స్ ఇంటివాళ్లు, కార్డినల్స్ అద్దెకున్నవాళ్లు. రెండూ ఎప్పుడూ ఒకేసారి ఊళ్లో ఉండవు కదా అని మేనేజర్లిద్దరూ ఒకే అపార్ట్‌మెంట్‌ని పంచుకున్నారు. సిరీస్ రాగానే ఒకరు వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటి మ్యాచ్‌లో గేల్‌హౌస్ కార్డినల్స్‌ని ఒక్క పరుగుకే కట్టేసి 2-1తో గెలిపించాడు. మూడు మ్యాచ్‌లయ్యేసరికి బ్రౌన్స్‌దే పైచేయి. తర్వాత వరసగా మూడూ పోయాయి. సిరీస్ మొత్తంలో బ్రౌన్స్ ఫీల్డింగ్ తప్పులు 10, కార్డినల్స్‌వి 1. ఓటమి అక్కడే ఉంది.

ఆట అనొచ్చా అని అడిగారు. తప్పకుండా అనొచ్చండీ. మంచి ఆటగాళ్లు లేరు కాబట్టి గెలిచారనేవాళ్లున్నారు. ఆ మాటతో నేను ఒప్పుకోను. ఆ కరువు వాళ్ల లీగ్‌లోని ఎనిమిది టీమ్‌లకూ ఉంది. నాకు మింగుడుపడనిది మరొకటి. మనుషులు దొరక్క పదిహేనేళ్ల పిల్లాడు జో నక్స్‌హాల్ చేత 1944 జూన్‌లో సిన్సినాటి వాళ్లు బంతి వేయించారు గానీ, నల్లజాతి ఆటగాడిని ఏ టీమూ పిలవలేదు. ఆ గీత దాటిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ కోసం 1947 దాకా ఆగాల్సి వచ్చింది. సెయింట్ లూయిస్ స్టేడియంలో నల్లవాళ్లని విడిగా కూర్చోబెట్టే పద్ధతి పోయింది కూడా 1944లోనే.

ప్రశ్న: ఆ రోజుల్లో ఒంటి చేత్తో ఆడినవాడు ఉన్నాడంటారు, సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సాధ్యమేనమ్మా. పీట్ గ్రే, అదే బ్రౌన్స్ టీమ్, 1945. ఆరేళ్ల వయసులో ప్రమాదంలో కుడి చెయ్యి పోయింది. ఎడమ చేతి గ్లవ్‌తో క్యాచ్ పట్టి, గ్లవ్‌ని కుడి చంక కింద ఇరికించి, ఛాతీ మీదుగా జారే బంతిని అదే ఎడమ చేత్తో అందుకుని విసిరేవాడు. మీరు చదివేలోపు ఆ పని అయిపోయేది. అయినా ఆ క్షణం ఆలస్యంలోనే ప్రత్యర్థులు ఇంకో బేస్ (పరుగు దారిలోని మజిలీ) దాకా పరుగెత్తేవారు. ఒంటి చేత్తో ఊపిన బ్యాట్‌ని మధ్యలో ఆపలేడని పసిగట్టి, పిచర్లు నెమ్మదైన బంతులు వేయడం మొదలుపెట్టారు. 77 మ్యాచ్‌లు ఆడాడు, బ్యాటింగ్ సగటు .218, అంటే వెయ్యి అవకాశాలకు 218 హిట్‌ల లెక్క. సైనిక ఆసుపత్రులకు వెళ్లి, యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న కుర్రాళ్ల మంచాల పక్కన కూర్చునేవాడు. మరుసటి ఏడు సైన్యం నుంచి ఆటగాళ్లు తిరిగొచ్చేసరికి టీమ్‌లో అతనికి చోటు లేదు.