లారీ క్యాబిన్‌లో చిన్న ఫ్రిజ్: ఇన్వర్టర్ పెట్టాలా, నేరుగా బ్యాటరీ మీద నడపాలా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు 12 చక్రాల లారీ మీద హైదరాబాద్ – నాగపూర్ లైన్ తిరుగుతారు, షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటారు. క్యాబిన్‌లో చిన్న ఫ్రిజ్ పెడదామంటే ఒకరు ఇన్వర్టర్ అంటున్నారు, ఇంకొకరు బ్యాటరీకే తగిలించమంటున్నారు, తెల్లారి సెల్ఫ్ తిరగదేమోనని మీకు టెన్షన్. నేనూ గుంటూరు నుంచి ఉత్తరాదికి మిర్చి లోడ్లు తోలేవాణ్ణే, నా బండిలోనూ ఫ్రిజ్ ఉంది. నా మాట అయితే ఇన్వర్టర్ వద్దు. 12, 24 వోల్టులు రెండింటి మీదా నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ కొనండి. రెండు బ్యాటరీల మీదా కలిపి దానికంటూ ఒక 24 వోల్టుల లైను వేయించండి.

ఇన్వర్టర్ అంటే బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటులా మార్చే పెట్టె, దాని మీద ఇంటి ఫ్రిజ్ నడుపుతారు. అది ఎందుకు వద్దంటున్నానంటే, ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్ నడిచేటప్పుడు తీసుకునేది 80, 100 వాట్లే అయినా కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే కీచుమని ఆగిపోతుంది. పెద్దది పెడితే, ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా అది ఊరికే 10, 15 వాట్లు తింటూ కూర్చుంటుంది. చవకరకం ఇన్వర్టర్లలో కరెంటు ఇంటి కరెంటులా నున్నటి అలగా (సైన్ వేవ్) రాదు, దాంతో కంప్రెసర్ మోటారు వేడెక్కుతుంది. హోటళ్లు అమ్మేసిన పాత మినీబార్లు (గదుల్లో పెట్టే చిన్న ఫ్రిజ్‌లు) చవగ్గా వస్తాయని కొందరు తెస్తుంటారు. వాటిలో చాలావాటికి అసలు కంప్రెసరే ఉండదు, హీటర్ వేడితోనే చల్లదనం పుట్టించే రకం. గదిలో కదలకుండా, సమంగా నిలబడితేనే అవి పనిచేస్తాయి. మన రోడ్ల మీద ఎందుకూ పనికిరావు.

ఇక కారు కూలర్ అని అమ్మే, లోపల చిన్న ఫ్యాను తిరిగే పెట్టె సంగతి. దానిలో ఉండేది పెల్టియర్ ప్లేటు, అంటే కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పలక. బయట ఉన్న వేడి కంటే 15, 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతే. మే నెలలో ఆదిలాబాద్ దాటేటప్పుడు క్యాబిన్‌లో 45 ఉంటే పెట్టెలో 25 పైమాటే. ఇన్సులిన్ నిల్వకి అది చాలదు. పైగా ఆగకుండా 50 వాట్ల దాకా తింటుంది. కంప్రెసర్ ఫ్రిజ్ కూడా నడిచేటప్పుడు ఇంచుమించు అంతే తీసుకుంటుంది గానీ చల్లబడగానే ఆగుతుంది.

బ్యాటరీ లెక్క చూద్దాం. నాన్నగారి బండికి 12 వోల్టుల 120 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉన్నాయనుకోండి. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే లెక్క. 30 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లదైతే 24 వోల్టుల మీద లాగేది 2 ఆంపియర్ల లోపే. వేడి రాత్రి గంటకి 35, 40 నిమిషాలు నడిచినా, 10 గంటలకి కలిపి 11, 12 ఏహెచ్. రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి వోల్టులు 24 అవుతాయి గానీ ఏహెచ్ 120 గానే ఉంటుంది. అంటే బ్యాటరీలో పదో వంతు. బ్యాటరీలు బాగుంటే ధాబా దగ్గర ఒక రాత్రి ఆగినందుకు సెల్ఫ్ ఏమీ కాదు, హాయిగా పడుకోమనండి. అసలు ఇబ్బంది అన్‌లోడింగ్ క్యూలో రెండు, మూడు రోజులు ఇంజన్ ఆపి నిలబడాల్సి వచ్చినప్పుడు. పగలు ఎండలో క్యాబిన్ కాగిపోతుంటే ఫ్రిజ్ దాదాపు ఆగదు, రోజుకి 35 ఏహెచ్ దాకా పోతుంది. ఫ్యాను, ఫోన్ చార్జింగు దీనికి అదనం. రెండో రోజు సాయంత్రానికి సగం పైగా అయిపోయినట్టే. లారీ బ్యాటరీ సెల్ఫ్ కొట్టడానికి చేసింది, అంత లోతుకి తరచూ దిగితే త్వరగా చస్తుంది. కొత్త బండైతే ఏసీ ఉంటుంది కదా అంటారేమో. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, నిజమే. కానీ ఇంజన్ ఆపితే ఆ ఏసీ కూడా ఆగుతుంది.

అందుకే ఫ్రిజ్‌లో లో వోల్టేజ్ కటాఫ్ ఉందో లేదో చూసి కొనండి. చాలావాటికి హై, మీడియం, లో అని మూడు సెట్టింగులు ఉంటాయి. నాన్నగారిది ఎప్పుడూ ‘హై’లోనే ఉండాలి. అప్పుడు వోల్టేజి 24 దగ్గరికి రాగానే ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతుంది, సెల్ఫ్‌కి సరిపడా మిగులుతుంది. ‘లో’లో పెడితే 21 చిల్లర దాకా లాగేస్తుంది, అప్పటికి బ్యాటరీలో మిగిలేదేమీ ఉండదు. డ్యాష్‌బోర్డు మీద చిన్న డిజిటల్ వోల్ట్‌మీటరు పెట్టించండి. ఇంజన్ నడుస్తుంటే 28 అటూ ఇటూ, ఆపి కొన్ని గంటలైతే 25 పైన ఉండాలి. 24.4కి వచ్చిందంటే సగం ఖాళీ.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లగానే, ‘24 ఎందుకండీ, మధ్యలోంచి 12 తీసేద్దాం’ అంటాడు. చాలా బండ్లలో మ్యూజిక్ సిస్టమ్‌కి అలాగే తీస్తారు. ఫ్రిజ్‌కి మాత్రం ఒప్పుకోవద్దు. రెండు బ్యాటరీలూ సిరీస్‌లో ఉంటాయి. మధ్యలోంచి తీస్తే ఎర్త్ వైపు బ్యాటరీ ఒక్కటే ఖాళీ అవుతుంది. డైనమోకి ఆ తేడా తెలియదు, మొత్తం 28 వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. ఆ 28లో ఖాళీ అయిన బ్యాటరీకి 13 చిల్లర, నిండుగా ఉన్నదానికి 15 దాకా పోతుంది. ఒకటి ఎప్పటికీ నిండదు, రెండోది ఉడికిపోతుంది. మీకు అనుమానంగా ఉంటే ఇంజన్ ఆన్‌లో పెట్టి మీటరుతో రెండింటినీ విడివిడిగా చూడండి. మూతలు తీస్తే ఒకదానిలో నీళ్లు ప్లేట్ల కిందికి దిగి ఉంటాయి, మూతల చుట్టూ తడి, పక్క టెర్మినల్‌కి తెల్లటి పొడి. దుకాణంవాడు ‘ఒక బ్యాటరీ పోయింది, మార్చండి’ అంటాడు. మార్చినా అదే కథ. ఫ్రిజ్ 12 వోల్టులకే పనిచేసేదైతే 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టించండి, 10 ఆంపియర్లది చాలు. అప్పుడు రెండు బ్యాటరీలూ సమానంగా ఖర్చవుతాయి. బొలేరో పికప్, టాటా ఏస్‌లాంటి బండ్లకి ఒకే 12 వోల్టుల బ్యాటరీ కాబట్టి ఈ గొడవే లేదు. కాకపోతే ఆ బ్యాటరీ చిన్నది, రాత్రి లెక్క బిగుతుగా ఉంటుంది.

వైరు 4 స్క్వేర్ ఎంఎం రాగిది వేయించండి. ‘సన్నది చాలు’ అంటారు, చాలదు. సన్న వైరైతే కంప్రెసర్ స్టార్టయినప్పుడు వోల్టేజి పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉన్నా కటాఫ్ కొట్టేస్తుంది. ‘ఫ్రిజ్ పాడైంది’ అని తిరిగి పంపేవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బు ఇదే. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, క్యాబిన్‌లో కాదు. ఛాసిస్‌కి రాసుకుని ఎక్కడ వైరు కొట్టుకుపోయినా ఫ్యూజు ముందే పోవాలి కదా. సిగరెట్ లైటర్ సాకెట్‌లో మాత్రం పెట్టొద్దు. కుదుపులకి ప్లగ్గు వదులై, తిని వచ్చేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంటుంది, లేదా ప్లగ్గు కరిగి ఉంటుంది. బండి కొత్తదై వారంటీలో ఉంటే షోరూమ్‌లో ఒక మాట అడిగాకే వైరింగ్ ముట్టుకోండి. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లు నడిపేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీరు మెయిన్ స్విచ్ దాటించి బ్యాటరీ నుంచి ఏ వైరూ లాగకండి.

ఇన్సులిన్ విషయం. తెరవని సీసాలు, పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. ఫ్రిజ్‌ని 5 దగ్గర పెట్టి, మందుని మూత ఉన్న డబ్బాలో వేసి పై బుట్టలో ఉంచండి, గోడకి ఆనించొద్దు. లోపల చిన్న థర్మామీటరు ఒకటి పడేయండి, ఫ్రిజ్ మీద కనిపించే అంకె కంటే నేను దాన్నే నమ్ముతాను. వాడుతున్న పెన్నుని మామూలుగా 30 డిగ్రీల లోపు బయట ఉంచుకోవచ్చు, ఎన్నాళ్లన్నది దాని పెట్టె మీద ఉంటుంది. కానీ ఎండాకాలం క్యాబిన్ 30లో ఎక్కడ ఉంటుంది? అదీ లోపలే ఉంచమనండి.

బయల్దేరే ముందు రాత్రి ఫ్రిజ్‌ని ఇంటి కరెంటు మీద పెట్టి చల్లబరచండి, అడాప్టర్ సాధారణంగా దానితోనే వస్తుంది. నీళ్ల సీసాలు, పెరుగు కూడా ఇంట్లోనే చల్లబరిచి సర్దాలి. వేడి నీళ్ల సీసాలు నాలుగు తెచ్చి రాత్రి పూట లోపల పెట్టారంటే బ్యాటరీ లెక్కంతా తారుమారే. క్యూలో రోజులు పట్టేలా ఉంటే క్యాబిన్ పైన సోలార్ ప్యానెల్ వేయొచ్చు. 50 వాట్లవి రెండు సిరీస్‌లో, మధ్యలో 24 వోల్టుల కంట్రోలర్. మంచి ఎండలో రోజుకి 400 వాట్ అవర్ల దాకా వస్తుంది, ఫ్రిజ్ ఖర్చులో సగం అది తీరుస్తుంది.

పెట్టడం పక్క సీటు వెనక, బెర్త్ అంచున, బెల్టుతో బిగించి. ఫ్రిజ్ వేడి గాలి వదిలే వైపు నాలుగు వేళ్ల సందు వదలండి, అక్కడ దుప్పటి కుక్కొద్దు. క్యాబిన్ టిల్ట్ అయ్యే బండి కదా, వైరుని హింజ్ దగ్గర కాస్త వదులుగా ఉంచమనండి, లేకపోతే మొదటిసారి క్యాబిన్ ఎత్తినప్పుడే లగ్గు (వైరు చివర బిగించే రింగు) ఊడివస్తుంది. మెకానిక్ క్యాబిన్ ఎత్తే ముందు ఫ్రిజ్‌ని కిందికి దించేయాలి. బెల్టు తెగితే అది నేరుగా ముందు అద్దం మీదకే వస్తుంది.