తూపిలిపాళెం వైపు సముద్రం పక్కన ఇల్లు కట్టుకుంటే ఎలా ఉంటుంది?

రిటైరయ్యాక తిరుపతి ఎండ పడలేక తూపిలిపాళెం వైపు ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాం, అక్కడ ఉండటం ఎలా ఉంటుందని అడిగారు. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది, చెమట మాత్రం ఆరదు. అయితే అక్కడ మీ సుఖం ఉప్పు చేతిలో ఉంటుంది.

తిరుపతిలో కట్టినట్టే అక్కడా కడితే స్లాబు పెచ్చులూడటం ఖాయం. గాలిలోని ఉప్పు తేమతో పాటు కాంక్రీటులోకి దిగి కమ్మీని పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రెట్టింపు పైగా చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. పైపైన సిమెంటు మెత్తితే ఆగదు, కమ్మీ వెనక దాకా చెక్కి తీయాల్సిందే.

అందుకే కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరంలో ఎం30 గ్రేడు కాంక్రీటు, కమ్మీకి 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీ మీద అంత మందం కాంక్రీటు ఉండాలి. కెరటాల తుంపర తగిలేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. నీళ్లు సిమెంటులో 0.45 వంతు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకి ఇసుకలోని తడితో కలిపి 22.5 లీటర్లే. మేస్త్రీలు కమ్మీని ఎత్తి ఉంచే కవర్ బ్లాకుల బదులు కంకరరాళ్లు పెట్టేస్తారు. మనుషులు తొక్కగానే రాయి జారి, కమ్మీ సెంట్రింగు రేకుకి ఆనుకుంటుంది. ఇళ్లు చెడేది ఎక్కువగా అక్కడే. కాంక్రీటు పోసేముందు టేపు పెట్టి మీరే కొలవండి. సముద్రపు ఇసుక, ఉప్పు బోరునీళ్లు దగ్గరికి రానివ్వద్దు, క్యూరింగుకి కూడా.

కిటికీలకి ఇనుప గ్రిల్లు వద్దు. స్టీలు పెట్టిస్తే 316 రకం అడగండి, 304 మీద మరకలు పడతాయి. ఏసీ బయటి యూనిట్‌ని నెలకోసారి కరెంటు ఆపి మంచినీళ్లతో కడగాలి.

బోరు లోతుగా వేయించొద్దు. ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. పైన నీటిమట్టం ఒక మీటరు దిగితే, లెక్క ప్రకారం కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకొస్తుంది. తక్కువ లోతు బావి, చిన్న మోటారు, ఆగి ఆగి తోడటం మంచిది. పక్కన రొయ్యల చెరువులుంటే ఆ బావి మీదా ఆశ పెట్టుకోవద్దు. డిసెంబరు వానలప్పుడు నీళ్లు రుచి చూసి స్థలం కొనేస్తారు చాలామంది. మే నెలలో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల పరీక్ష చేయించండి, లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

సముద్రం కనిపించే ప్లాటు అని అమ్మేవాళ్లు సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాల మీద ఉన్న నియంత్రణ నిబంధనల మాట ఎత్తరు. జనసాంద్రత తక్కువున్న తీరపల్లెల్లో పోటు గీత (పోటు సమయంలో నీళ్లు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల లోపు బయటివాళ్లు కొత్త ఇల్లు కట్టడానికి వీల్లేదు. అడ్వాన్సు ఇవ్వకముందే సర్వే నంబరు పట్టుకెళ్లి తీరప్రాంత మ్యాపులో ఆ గీత ఎక్కడుందో చూపించమనండి.