ఏడు మొదలుపెట్టింది, ఒక్కటీ పూర్తి చేయలేదు. ఈ పిల్ల ఏ ఉద్యోగానికి పనికొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. కుట్టుపని అంటే పిచ్చి. ఇప్పుడు ఇంట్లో రెండు అతుకుల బొంతలు (క్విల్ట్ అంటుంది తను), ఒక గౌను, ఒక భుజం సంచి, పాత జీన్స్ ముక్కలతో దిండు గలీబులు, మా తమ్ముడి పాపకు చిన్న దుప్పటి, గోడకు వేలాడదీయడానికి చేత్తో కుడుతున్నది ఒకటి, మొత్తం ఏడు సగంలో ఉన్నాయి. నిన్న కుట్టిన వరుస ఇవాళ విప్పుతుంది. ఏదీ పూర్తి కాదు. ఇలా నిలకడ లేకపోతే రేపు ఉద్యోగం ఏం చేస్తుంది? డిగ్రీ మాన్పించి ఫ్యాషన్ డిజైనింగ్‌లో చేర్పించమంటారా? లేక ఇంట్లోనే కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారం పెట్టించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. పరీక్షలయ్యేదాకా అన్నీ మూటగట్టి అటక మీద పెట్టేశాను. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ మూట అటక మీంచి దించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కుట్టు మిషన్ బదులు ఒకరింట్లో గిటార్ ఉంటుంది, ఒకరింట్లో కోడింగ్, ఇంకొకరింట్లో బొమ్మలు. 'అన్నీ మొదలుపెడుతుంది, ఏదీ పూర్తి చేయదు' అన్న మాట మాత్రం అందరిదీ ఒకటే. మీరు కోర్సు గురించి అడిగారు గానీ మీ దిగులు అది కాదు. దుప్పటి పూర్తి చేయలేని పిల్ల డిగ్రీ పూర్తి చేస్తుందా, ఉద్యోగంలో నిలబడుతుందా, రేపు సంసారమైనా సరిగ్గా నడుపుకుంటుందా అన్నదాకా వెళ్లిపోయి ఉంటారు. కాబట్టి ముందు ఆ దిగులు సంగతి చూద్దాం. పోలిక చివర్లో, చోటు మిగిలితే.

మీరు పంపిన ఫొటోలో ఉన్న పెద్ద బొంతనే తీసుకోండి. తొమ్మిది చదరాలు కలిపితే ఒక గడి. అలాంటి గడులు అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు. అంటే 42 గడులు, 378 ముక్కలు. ఇవి కత్తిరించడానికి పెద్ద బల్ల కావాలి. కలపడానికి మిషన్ కావాలి, కలిపిన ప్రతి అతుకూ ఇస్త్రీ చేయాలి. పైగుడ్డ తయారయ్యాక అడుగున ఇంకో గుడ్డ, మధ్యలో దూది పొర పరిచి, మూడూ జరక్కుండా టాకాలు వేయడానికి ఒక పూటంతా ఎవరూ తొక్కని ఖాళీ నేల కావాలి. ఆ తర్వాత మూడు పొరలూ పట్టేలా మీద కుట్లు వేయాలి. చివర్లో అంచుకు పట్టీ తిప్పి చేతికుట్టు, దానికి మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చునే తీరిక ఉంటే చాలు. వస్తువు ఒకటే అయినా ఒక్కో దశకు ఒక్కో చోటు కావాలి, ఒక్కో రకం ఓపిక కావాలి. నేల ఖాళీ లేని రోజు ఆ బొంత ఆగాల్సిందే. అలా ఆగిన రోజు తను గోడకు వేలాడదీసేదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంటే, ఖాళీగా ఉండకుండా ఉన్న పని చేసుకుంటోందని నేనంటాను. మీరు నిలకడ లేదంటున్నారు.

క్విల్ట్ కుట్టేవాళ్లలో ఇది ఎంత మామూలంటే, సగంలో ఆగిన వాటికి వాళ్లు ఒక పేరే పెట్టుకున్నారు. యూఎఫ్ఓ. అంటే అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్. ఎగిరే పళ్లేలతో సంబంధం లేదు, అయితే అవి ఎక్కణ్నుంచి వచ్చి పడ్డాయో ఇంట్లోవాళ్లకు అర్థం కాని మాట మాత్రం నిజమే. ఇంకో పద్ధతి ఉంది, లీడర్స్ అండ్ ఎండర్స్ అంటారు. ఒక వరుస కుట్టడం అయ్యాక దారం తెంపకుండా వేరే బొంతకు సంబంధించిన రెండు చిన్న ముక్కలు మిషన్ పాదం కిందకు తోసేస్తారు. దారం వృథా కాదు, మొదట్లో చిక్కు పడదు, అసలు పని జరుగుతుండగానే పక్కన రెండో బొంత దానంతటదే పెరుగుతూ ఉంటుంది. రెండు పనులు కలిపి నడపడం పనితనంలో భాగమే అన్నమాట.

ఇక విప్పడం. మీరు దాన్ని తప్పుల జాబితాలో రాశారు, అది చదివినప్పుడే నాకు మీ అమ్మాయి మీద గురి కుదిరింది. ఈ పనిలో అతుక్కి వదిలే గుడ్డ పావు అంగుళం. కుట్టు అంగుళంలో పదహారో వంతు పక్కకు పోయిందనుకోండి, మన పాత లెక్కలో వీసం. వీసమెత్తు తేడా ఎవరికి కనిపిస్తుంది? కానీ అతుకు దగ్గర రెండు ముక్కల్లోనూ పోతుంది కాబట్టి అది ఎనిమిదో వంతు అవుతుంది. ఆ బొంతలో ఒక్కో అడ్డ వరుసకు 18 ముక్కలు, 17 అతుకులు. మొత్తం మీద రెండు అంగుళాల పైనే తగ్గిపోతుంది, పక్క వరుసతో కలిపితే మూలలు కలవవు. ఇది పట్టుకుని, విసుగు మింగుకుని, కుట్లు విప్పే చిన్న కత్తితో ఒక్కో కుట్టూ విప్పి మళ్లీ మొదలుపెట్టే పిల్లకు నిలకడ లేదంటారా? చాలా ఆఫీసుల్లో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా తమ తప్పు తాము విప్పుకోరమ్మా, పైన ఇంకో కుట్టు వేసి దాచేస్తారు.

మీకు కోపం వచ్చినా ఇంకో మాట చెప్పాలి. ఆ మూట కట్టడం తప్పు. కుట్టే ముందు వరుసల్ని నేల మీద పేర్చి, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో గంటలు గంటలు చూసుకుని, ఒక్కో వరుసను దొంతరగా పెట్టి, పైన 1, 2, 3 అని చీటీ గుచ్చుతారు. మీరు అన్నిటినీ కలిపి కుక్కారు. గుడ్డకు గుచ్చి వదిలేసిన గుండుసూదులు తేమ తగిలితే తుప్పు మరక పెడతాయి. కొన్ని మార్కింగ్ పెన్నుల గీతలు కొద్ది రోజుల్లో వాటంతటవే మాయమైపోతాయి, అలాంటి పెన్నుతో గీసుకుని ఉంటే మళ్లీ మొదటినుంచీ గీసుకోవాలి. మీ ఆఫీసు ఫైళ్లన్నీ ఎవరైనా 'సర్దేశాను' అంటూ ఒకే సంచిలో పోస్తే రెండు రోజులేం ఖర్మ, రెండు వారాలు మాట్లాడరు మీరు.

మీ ప్రశ్న ఇంకోసారి చదువుకోండి. మాన్పించమంటారా, చేర్పించమంటారా, పెట్టించమంటారా. అన్నీ మీరు చేయించేవే. తనేమనుకుంటోందో ఒక్క వాక్యమైనా లేదు. ఫ్యాషన్ డిజైనింగ్ చదవాలని తను ఎప్పుడైనా అడిగిందా? నాకైతే అడిగినట్టు అనిపించలేదు. పిల్లలకు ఏదైనా ఇష్టమని తెలియగానే దాన్ని పట్టుకెళ్లి ఒక కోర్సులోనో ఒక దుకాణంలోనో పెట్టేస్తే గానీ మనకు నిద్ర పట్టదు, అదే వచ్చింది చిక్కు.

అలాగని అమ్మాయిని వెనకేసుకొచ్చి ఊరుకోను. ఏడు ఎక్కువే. తన పక్కన కూర్చుని, కోపం లేకుండా, ఒక్కోదాన్నీ చూపించి ఒకటే అడగండి: దీంట్లో ఇప్పుడు చేయాల్సింది ఏమిటి? 'అడుగు గుడ్డ రెండు ముక్కలు అతకాలి' అని టక్కున చెబితే ఆ పని బతికే ఉంది. నసిగితే ఇరుక్కుపోయింది. బొంతలు ఎక్కువగా ఇరుక్కునేది పైగుడ్డ పూర్తయ్యాకే. అంత అందంగా అతికాక దాని మీద కుట్లు వేసి ఎక్కడ పాడు చేస్తామో అని చేయి రాదు. అది సోమరితనం కాదు, భయం. మిగిలిన గుడ్డతో చిన్న దిండంత ముక్క చేసుకుని దాని మీద ముందు కుట్టి చూస్తే ఆ భయం సగం తగ్గుతుంది. ఇక గౌను. కొలతలు తీసి ఏడాది అయి, ఇప్పుడు ఒంటికి పట్టదని తనకే తెలిస్తే దాన్ని విప్పేసి జిప్పు, గుండీలు, అస్తరు తీసి పెట్టుకోమనండి. ఆపేయాలని తనే నిర్ణయించుకుని ఆపేసినా లెక్క తీరినట్టే.

మిగిలినవాటికి ఒక్కోదానికి ఒక్కో డబ్బా ఉండాలి. డబ్బాలో ఒక చీటీ: సూది నంబరు, కుట్టు పొడవు, ఏ దారం, తర్వాత చేయాల్సింది ఏమిటి. ఇది చాదస్తం కాదు. బొంతకు 90 నంబరు సూది పెట్టి, మధ్యలో జీన్స్ కోసం 100 వేసి, మళ్లీ బొంతకు వచ్చేటప్పుడు మార్చడం మరిచిపోతే సన్నని నూలుగుడ్డలో పెద్ద పెద్ద చిల్లులు పడతాయి. నెల తర్వాత తీస్తే పోయినసారి కుట్టు ఎంత పొడవు పెట్టిందో గుర్తుండదు, పాత వరుసకు కొత్త వరుసకు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎన్ని మొదలుపెట్టావన్న లెక్క కన్నా, ఏ దశలో ఎన్ని ఉన్నాయన్నది చూసుకుంటే మేలు. కత్తిరించేది ఒకటి, మిషన్ మీద ఒకటి, చేతిలో ఒకటి. మిషన్ మీదున్నది దిగితేనే ఇంకోటి ఎక్కాలి. మొదట పాప దుప్పటి, ఎందుకంటే మిగతావి ఆగుతాయి, పాప పెరగడం ఆగదు. పరీక్షల నెలలో మిషన్‌కు మూత వేసి చేతిపని ఒక్కటే ఉంచుకుంటే చాలు, రాత్రి అరగంట సూది పట్టుకుంటే చదువేం చెడిపోదు.

ఇప్పుడు అందరూ ఎగబడుతున్న ఆన్‌లైన్ వ్యాపారం. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. వీడియోలో అరనిమిషంలో బొంత తయారైపోతుంది. ఇస్త్రీ కనిపించదు, విప్పడం కనిపించదు, నేల మీద మోకాళ్లు నొప్పెట్టేలా పాకుతూ టాకాలు వేయడం అసలే కనిపించదు. ఇంట్లో కుట్టి అమ్మేవాళ్లలో చాలామంది గుడ్డ ఖరీదు లెక్కేస్తారు, దారం లెక్కేస్తారు, తమ గంటలు మాత్రం వేసుకోరు, వేసుకుంటే ఆ ధరకు ఎవరూ కొనరని భయం. ఇది ఈనాటిది కాదు. అమెరికాలోని జార్జియాలో 1837లో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ అనే ఆవిడ, బైబిల్ కథల్ని గుడ్డ ముక్కలతో బొమ్మలుగా కుట్టిన బొంతను 1886లో ఒక ప్రదర్శనలో పెట్టింది. కొంటామని అడిగితే మొదట ఇవ్వనంది. కొన్నేళ్లకు ఇల్లు గడవక, తను అడిగినదాంట్లో సగానికే అమ్ముకుంది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వెళ్లి దాన్ని చూసుకుని వచ్చేదట. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

రెండో అనుమానం, ఆర్డర్లు వస్తే ఏమవుతుందన్నది. అలబామాలో 1966లో నల్లజాతి ఆడవాళ్లు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. డబ్బు చేతికొచ్చింది, వాళ్లకు అది పెద్ద అండ, కాదనను. కానీ పెద్ద దుకాణాలకు కావాల్సింది ఒకే నమూనా, ఒకే కొలత, మళ్లీ మళ్లీ. చేతికి తోచినట్టు రంగులు కలిపే పని వేరు, అది వేరు. మీ అమ్మాయి ఏడు రకాలు మొదలుపెట్టిందంటే తనకు ఇష్టమైనది కొత్తదనమే కదా, అలాంటి పిల్ల ఒకే సంచి నలభై సార్లు కుట్టాలి, మధ్యలో ఫొటోలు తీయాలి, ప్యాకింగ్ చేయాలి, రంగు ఫొటోలో వేరేలా ఉందని వెనక్కి పంపేవాళ్లకు ఓపిగ్గా జవాబులు రాయాలి. నా దగ్గరకొచ్చిన ఒకమ్మాయి సరిగ్గా ఇలాగే మొదలుపెట్టింది. తొలి ఆర్డర్లన్నీ బంధువులవే, మొహమాటంతో ధర చెప్పలేకపోయింది. ఏడాది తిరిగేసరికి మిషన్ మీద బట్టలు ఆరేస్తున్నానని నవ్వుతూ చెప్పింది, నాకు నవ్వు రాలేదు.

అంతగా చూడాలనుంటే చిన్నగా చూడండి. ఆ భుజం సంచి పూర్తి చేసి, మొదటి నుంచీ ఎన్ని గంటలు పట్టిందో ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. బంధువులు కానివాళ్లు ముగ్గురికి ఆ గంటల లెక్కతో ధర చెప్పి, అలాంటివే మూడు కుట్టి ఇవ్వమనండి. మూడోది కుట్టేటప్పుడు తన మొహం ఎలా ఉందో మీకే తెలుస్తుంది.

ఇక ఫ్యాషన్ డిజైనింగ్. బాగా కుడుతుంది కాబట్టి అక్కడ చేర్పించాలనుకోవడం పొరపాటు. అక్కడ కుట్టు కొంత భాగమే, బొమ్మ గీయడం, కంప్యూటర్ మీద డిజైన్, ఖర్చుల పట్టికలు, అమ్మకాలు, సీజన్‌కో కొత్త వరస, అవన్నీ ఉంటాయి. వీసమెత్తు తేడాకు విప్పి కుట్టే మనిషికి నా లెక్కలో ప్యాటర్న్ మేకింగ్ బాగా నప్పుతుంది. అంటే డిజైనర్ గీసిన బొమ్మను కొలతలుగా, కాగితం ముక్కలుగా మార్చే పని. శాంపిల్స్ కుట్టడం, దుస్తుల నాణ్యత చూడటం, నాటకాలకూ సినిమాలకూ కాస్ట్యూమ్స్, మ్యూజియాల్లో పాత బట్టలు చెడిపోకుండా కాపాడటం, ఇలా ఎవరూ పెద్దగా చెప్పుకోని దారులు ఇంకా ఉన్నాయి. వీటిలో దేనికీ ఇవాళ డిగ్రీ మాన్పించాల్సిన పనిలేదు. సెలవుల్లో ప్యాటర్న్ మేకింగ్‌లో ఒక చిన్న కోర్సు చేసి చూడనివ్వండి. నచ్చితే డిగ్రీ అయ్యాక ఆలోచించుకోవచ్చు. నచ్చకపోతే ఉద్యోగం ఉద్యోగంగా, బొంత బొంతగా ఉంటాయి. ఇష్టమైన ప్రతిదీ సంపాదించి పెట్టాలని రూలేం లేదు. పోలిక పూర్తిగా చెప్పలేదని మీకు అనిపించవచ్చు, నిజమే, కానీ మీ అమ్మాయికి ఇప్పుడు ఆ రెండు దారుల్లో ఏదీ ఎంచుకోవాల్సిన అవసరం లేదు. టెన్షన్ పడకండి.

మూట దించాక మీరు సర్దకండి. చీటీలు ఊడిపోయి ఉంటాయి, ఏ వరుస ఏదో తనకే తెలుసు. నేల మీద పేర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని గుండుసూదులు అందించండి. తను మాట్లాడకపోయినా కాసేపు అలాగే అందిస్తూ ఉండండి.