ఎవర్ని చూసి జడుసుకున్నావు?

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

బాబూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన కాయితాలు అందాయి. పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. హారర్ సినిమాల గురించీ, టీవీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల గురించీ ఒక అభిమానిగా నీకు తోచిందంతా రాశావు. "మొహమాటం లేకుండా చెప్పండి మేస్టారూ" అన్నావు కనక అలాగే చెబుతాను.

ప్రతి సినిమాకీ మార్కులు వేశావు. ఒకదానికి పదికి ఎనిమిది, ఇంకోదానికి మూడు. మార్కుల పక్కన అద్భుతం, చెత్త, ఫుల్ టెన్షన్, బోర్. ఇన్ని పేజీల్లోనూ నువ్వు నాకు కనబడింది ఒక్క చోటే. తొమ్మిదో పేజీలో, సెకండ్ షో చూసొచ్చి పెరట్లోకి వెళ్లలేక మీ అమ్మమ్మని లేపావని రాశావే, అక్కడ. ఆవిడ టార్చిలైటు పట్టుకుని ముందు నడుస్తూ "ఏట్రా, జడుసుకున్నావా?" అందని రాశావు. ఆ నాలుగు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ పెరడూ, ఆ టార్చిలైటూ నీకు తప్ప ఇంకొకరికి తెలీవు.

మరి తరవాతి పేజీకి వచ్చేసరికి అదే జడుపు "భయానక రసానుభూతి" ఎందుకైపోయింది? మన ఇళ్లల్లో పిల్లాడికి రాత్రి ఒళ్లు కాలితే జడుపు జ్వరం అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. ఆ ఒక్క మాటలో అమ్మ చెయ్యీ, ఎండు మిరపకాయల పొగా, తెల్లారేదాకా వెలుగుతూ ఉండే దీపమూ అన్నీ ఉన్నాయి. నేనుంటున్న ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరలనే గిరిజనుల మాట నేర్చుకోవడానికి ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. జనం నోట్లో ఉన్న మాట కోసం చెవులే ఇచ్చేసిన మనిషి ఆయన. జడుసుకున్నప్పుడు నీ నోట్లోంచి ఏ మాట వచ్చిందో అదే రాయి.

'రాత్రి' సినిమా 1992లో వచ్చింది. రామ్ గోపాల్ వర్మ తీశారు, రేవతి నటించింది. నేను చూసినప్పుడు హాలు నిండా జనం. తెలుగువాళ్లూ, ఒడియావాళ్లూ, కొండ దిగి సంతకొచ్చి అటునుంచి అటే సినిమాకొచ్చిన సవరలూ. ఆ ఇంట్లో కెమెరా మనుషుల వెనకాలే మెల్లగా నడుస్తున్నట్టుంటుంది. తెరమీద ఏమీ జరగడం లేదు, అయినా హాల్లో ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. నా ముందు వరసలో ఒకావిడ చంటిపిల్ల మొహం కొంగుతో కప్పేసి తను మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. వెనకెవరో పకపకా నవ్వాడు. అది భయంతో వచ్చిన నవ్వని అప్పుడు నాకు తెలీలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ల తరవాత కథ కొంత మరిచిపోయాను గానీ ఆ కొంగూ ఆ నవ్వూ మరిచిపోలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, అదే సినిమా చూసి "ఇందులో భయమేముంది" అన్న స్నేహితుణ్ణి నువ్వు ఏమీ తెలీనివాడని కొట్టిపారేశావు. అతను ఎక్కడ చూశాడో అడిగావా? పట్టపగలు, బస్సులో, ఫోన్లో చూసి ఉండొచ్చు. ఆ సినిమాలో సగం భయం చీకటి హాలుదీ, పక్క కుర్చీలో మనిషిదీ. అతను అబద్ధం చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ఇద్దరూ ఎలా చూశారో పక్కపక్కన పెట్టి రాస్తే అది చదవాల్సిన వ్యాసం అవుతుంది.

అభిమానుల మాట పనికిమాలినదని ఎవరైనా అంటే నమ్మకు. బీబీసీలో 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ 1963 నవంబరు 23న మొదలైంది. ఆ రోజుల్లో అక్కడ పాత టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. అలా పోయిన ఎపిసోడ్లలో తొంభైకి పైగా ఇప్పటికీ దొరకలేదు. బొమ్మ పోయింది గానీ శబ్దం మాత్రం ఒక్క ఎపిసోడ్‌ది కూడా పోలేదు. కొందరు అభిమానులు ఇంట్లో టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేశారు. వాళ్లని ఎవరూ అడగలేదు, డబ్బులూ ఇవ్వలేదు. ఆ అరగంటా పక్కవాళ్లని మాట్లాడొద్దని ఎంత బతిమాలి ఉంటారో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. నువ్వు రాసే అభిప్రాయంలో ఆ పాటి శ్రద్ధ ఉంటే చాలు, మార్కులు అక్కర్లేదు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. నీ పన్నెండో పేజీ నన్ను బాధపెట్టింది. ఒక సినిమాలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టే ముసలిదాన్ని ఊరంతా కలిసి తగలబెట్టే సీన్ గురించి "గూస్‌బంప్స్, పదికి పది" అని రాశావు.

పాతికేళ్ల వయసులో నేనూ అలాంటి కథ రాశాను. ఊరి చివర ఒంటరి ముసలమ్మ, పిల్లలకి జ్వరాలు, అర్ధరాత్రి ముగ్గు. ఒక వారపత్రిక వేసింది. బాగా జడిపించావని ఉత్తరాలొచ్చాయి, పొంగిపోయాను. కొన్నాళ్లకి మా వెనక వీధిలో ఒక వితంతువుని పిల్లలు నా కథలో ముసలమ్మ పేరు పెట్టి పిలవడం విన్నాను. పెద్దవాళ్లు అదిలించలేదు. ఆవిడ నీళ్లకొస్తే బోరింగు దగ్గర ఖాళీ అయ్యేది. ఆవిణ్ణి ఎవరూ కొట్టలేదు. కానీ ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్ముకుని కూతురు దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆ కథని నా ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

మన రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు ఇది సినిమా సంగతి కాదని నీకూ తెలుసు. చిల్లంగి అని మనం, డాహాణి అని ఒడియాలో, ఏ పేరుతో అన్నా దెబ్బలు తినేది ఒకే రకం మనుషులు. మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని శిక్షించడానికి ఒడిశాలో 2013లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సి వచ్చింది.

'ది ట్విలైట్ జోన్' అనే అమెరికన్ సీరియల్లో 1960 మార్చిలో ఒక ఎపిసోడ్ వచ్చింది. రాసింది రాడ్ సెర్లింగ్. ఒక వీధిలో ఉన్నట్టుండి కరెంటు పోతుంది. గ్రహాంతరవాసులు దిగేముందు మనలాగే ఉండే ఒక కుటుంబాన్ని పంపిస్తారని ఒక పిల్లాడు చెబుతాడు. తను చదివిన కథల్లో అలాగే ఉందంటాడు. అంతే, పెద్దవాళ్ల చూపులు మారిపోతాయి. ఒకడి కారు దానంతటదే స్టార్టయితే వాడి మీద అనుమానం. రాత్రిళ్లు డాబా ముందు నిలబడి ఆకాశం చూస్తాడట, ఇంకా అనుమానం. చివరికి పక్క వీధి చూసి రావడానికి వెళ్లి చీకట్లో తిరిగొస్తున్న సొంత వీధివాణ్ణే కాల్చి చంపుతారు. మొదటిసారి చూసినప్పుడు ఆ పిల్లాడి మాట దగ్గర నా గుండె ఆగినంత పనైంది. వాడు చదివిన కథలు ఎవరో ఒకరు రాసినవే కదా.

1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' కూడా చూడు. పేరు మార్చినప్పుడు కాపీరైట్ నోటీసు పడక అది అందరి సొత్తయింది, డబ్బు కట్టక్కర్లేదు. లేచొచ్చే శవాలు నెమ్మదిగా నడుస్తాయని నవ్వొస్తుందేమో, నవ్వుకో. చివరిదాకా ఆగు. రాత్రంతా పోరాడి బతికి బయటపడిన నల్లజాతి మనిషిని తెల్లవారాక తుపాకులు పట్టుకొచ్చిన జనం శవమనుకుని కాల్చేస్తారు. అప్పుడు నువ్వు ఎవర్ని చూసి జడుసుకున్నావో రాయి.

ప్రతి సినిమాకీ ఈ ఒక్క ప్రశ్న వేసుకో బాబూ. నన్ను ఎవర్ని చూసి భయపడమంటున్నారు? ఆ మనిషి మా ఊళ్లో ఎవరిలా ఉంటుంది? నీ పన్నెండో పేజీలో ముసలిదానికి మీ అమ్మమ్మ వయసే ఉంటుంది. రాత్రిపూట ఒక్కర్తీ టార్చిలైటు పట్టుకుని పెరట్లో తిరిగే మనిషి.

ఇంకో సంగతి. దెయ్యమంటే అరుపులే అనుకోకు. మీ గుణుపురం చుట్టూ కొండల్లో సవరలు చచ్చిపోయినవాళ్లతో మాట్లాడేవారు. పూనకం వచ్చిన ఆడమనిషి నోట చనిపోయినవాళ్లు పలుకుతారు. ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని ఏడుస్తారు, నిలదీస్తారు, ఎలా పోయావు, ఎందుకు వదిలిపోయావు అని అడుగుతారు, అవతలినుంచి జవాబొస్తుంది. చాలామంది క్రైస్తవంలోకి వెళ్లాక ఇది బాగా తగ్గిపోయింది. చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. సినిమాల్లో దెయ్యాలకి మాట్లాడే అవకాశం ఎందుకివ్వరో వాళ్ల దగ్గర కూర్చున్నాక ఆలోచించు. దాని గురించి నువ్వు రాస్తే చదవాలని నాకు చాలా ఆశగా ఉంది.

పన్నెండో పేజీ మళ్లీ రాయి. తొమ్మిదో పేజీ అలాగే ఉంచు, ఒక్క అక్షరం మార్చకు. వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకి రా, మీ అమ్మమ్మ వస్తానంటే ఆవిణ్ణీ తీసుకురా. చిన్నప్పుడు ఆవిడ దేన్ని చూసి జడుసుకునేదో అడగాలి.

ఆశీస్సులతో,
మీ మేస్టారు